పోచమ్మకు పెట్టిన ముద్ద

ఆ శనివారం ఎస్సై యాదగిరికి ఉన్న పనులు ఇవి. కోడి కూయకముందే ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బందోబస్తు. ఎవరో పెద్దమనిషి ఢిల్లీ నుంచి దిగుతున్నాడు. అది కాగానే దవాఖానకు పోయి కుర్మయ్య పోస్టుమార్టం రిపోర్టు తేవాలి. లాకప్‌లో ఉన్న జంగయ్యను ఇంకొకసారి అడగాలి. సాయంత్రం అతన్ని రిమాండుకు తీసుకుపోయేలోపే మంఖాల్ దారిలోని ప్లాస్టిక్ ఫ్యాక్టరీని మళ్లీ చూడాలి. ఎడమ బూటు మడమను కొరుకుతోంది, దాన్ని కుట్టించాలి. అన్నీ అయ్యాక కుర్మయ్య టిఫిన్ డబ్బా వాళ్లమ్మ లింగమ్మ చేతికివ్వాలి. కొడుకు శవాన్ని బండెక్కిస్తుంటే ఆమె పోలీసులను అడిగింది అదొక్కటే. "వాని డబ్బా ఏది సారూ?"

పన్నెండయ్యేసరికి మొదటి రెండు పనులు తీరాయి. బూటు తీరలేదు. కుంటుకుంటూనే స్టేషన్ మెట్లెక్కాడు. రెండు రాత్రుల నిద్ర కళ్లలోనే మిగిలిపోయి ఇసుకలా గరగరమంటోంది.

గురువారం మధ్యాహ్నం ఆ ఫ్యాక్టరీలో, గిరిజా పాలిమర్స్‌లో, జరిగిన సంగతి ఊరంతటికీ తెలిసిందే. విమానాల్లో భోజనం పెట్టే ట్రేలు పోస్తారక్కడ. 2012లో ఫ్యాక్టరీలన్నిటిలాగే దానికీ కరెంటు కోత. పదింటికి పోతుంది, రెండింటికి వస్తుంది. ఆ రోజు కరెంటు వచ్చి మెషీన్లు వేడెక్కాక, నాలుగో మెషీన్ నాజిల్ నుంచి కరిగిన ప్లాస్టిక్ ఒక్క పెట్టున చిమ్మి, ఎదురుగా నిలబడ్డ ఆపరేటర్ కుర్మయ్య ముఖాన, రొమ్మున పడింది. దవాఖాన చేరలేదు.

మరునాటికే సిటీ నుంచి ప్రత్యేక బృందం ఇన్‌స్పెక్టర్ హరిప్రసాద్ వచ్చాడు. ఒక్క పూటలో కేసు తేల్చాడు. ఫ్యాక్టరీ స్టోర్‌లో చెప్పుల అట్టలు మెత్తగా పొంగడానికి వాడే పసుపుపచ్చటి పొడి డబ్బా ఒకటుంది. వేడి తగిలితే అది గాలిగా మారి ప్లాస్టిక్‌ను పొంగిస్తుంది. రాత్రి షిఫ్టులో మాల్, అంటే మెషీన్‌లో పోసే ప్లాస్టిక్ సరుకు, కలిపేవాడు జంగయ్య. జంగయ్య అంగీ మీద పచ్చటి మరకలు. జంగయ్యకూ కుర్మయ్యకూ ఆ పొద్దున్నే గొడవ. ఇంకేం కావాలి?

స్టేషన్ ముందు గోడ నీడలో జంగయ్య పెండ్లాం సక్కుబాయి కూర్చుని ఉంది. యాదగిరిని చూసి లేవలేదు. లేచి లేచి అలసిపోయింది.

"సారూ, రాత్రి అయితే చర్లపల్లి జైలుకు తోలుతరంట గదా," అంది.

"ఎవరన్నరు?"

"అందరంటున్రు."

యాదగిరి లోపలికి నడిచాడు.

జంగయ్య గోడకు ఒరిగి కూర్చున్నాడు. అంగీని సీజ్ చేశారు, బనీనుతో ఉన్నాడు. బనీను పొట్ట మీద కూడా అదే పచ్చటి మరక.

"ఏంది జంగయ్యా, కుర్మయ్యతోని పంచాతి ఏంది?"

"చెప్తె నవ్వుతరు సార్."

"నవ్వే ఓపిక లేదు గని చెప్పు."

"ముద్ద గురించి."

"ఏం ముద్ద?"

జంగయ్య జరంత సర్దుకున్నాడు. "పొద్దుగాల మెషీన్ ఎక్కంగనే లోపలున్న పాతదంత బయటికి కక్కిస్తం సార్. ఆ ఫస్టు ముద్దను పారెయ్యం. పోచమ్మ పటం కింద పలక మీద పెట్టి పసుపు, కుంకుమ బొట్టు పెడ్తం. చెయ్యి కాల్తలేదు, వేలు తెగుతలేదంటె ఆ తల్లి దయనే గద. మాల్ కలిపింది నేను, పెట్టుడు నాది అంట నేను. మెషీన్ నడిపేది నేను, నాది అంటడు కుర్మయ్య. గురువారం గూడ గదే లొల్లి. ఇగ నా డ్యూటీ అయిపోయే ముంగట నేనే గుంజుకొని పెట్టిన. రేపు నాదిరో అన్నడు. సరే తియ్యి అన్న." అతను బనీను మీది మరకను చూసుకున్నాడు. "వానికి రేపు రాలె సార్."

"ఈ పచ్చది?"

"పసుపు సార్. ముద్దకు పెట్టి చేతులు తుడ్సుకున్న."

యాదగిరి తలుపు వైపు తిరిగి కానిస్టేబుల్ బాలమల్లును పిలిచాడు. "నీ సున్నం డబ్బీ ఇటియ్యి."

"నేను మానేసిన సార్," అన్నాడు బాలమల్లు, జేబులోంచి డబ్బీ తీసి ఇస్తూ.

యాదగిరి గోరుతో ఇంత సున్నం తీసి, నీటి చుక్కతో తడిపి, బనీను మీది మరకకు రాశాడు. మరక రాసినంత మేర ఎర్రబడింది, ఎర్రనీళ్లు కలిపినట్టు.

"ఇంట్లో ఆడవాళ్లు దిష్టి తీసే పద్ధతిలో దర్యాప్తు చేస్తున్నారా యాదగిరి గారూ?"

గుమ్మంలో హరిప్రసాద్. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో కారు తాళాలు.

"పసుపు సార్ ఇది. మీ పొడి గాదు. పసుపుకే సున్నం తగిల్తె ఎర్రగైతది. స్టోర్‌ల పొడి గూడ తెచ్చి రాసి చూడుండ్రి."

"ల్యాబ్ రిపోర్ట్ వస్తుందండి. అందులో ఏముంటే అదే. ఈ మనిషి గొడవ పడ్డానని ఒప్పుకున్నాడు."

"గొడవ పడ్డందుకే రిమాండైతె, ఇరవై ఏండ్ల సంది నేను మా ఇంట్లకెల్లి జైలుకే పోవాలె సార్."

హరిప్రసాద్ నవ్వలేదు. "మీరు అలసిపోయి ఉన్నారు. ఇంటికెళ్లి పడుకోండి. కాగితాలు నేను చూసుకుంటాను."

"గా ముద్ద జర చూసొస్త సార్. గురువారం పొద్దుగాల పెట్టిన ముద్ద ఇంక పోచమ్మ కాడనే ఉంటది."

"ఉంటే?"

"జంగయ్య మాల్‌ల ఆ పొడి కలిపిండో లేదో గా ముద్దనే చెప్తది."

హరిప్రసాద్ తాళాలు చేతిలో ఒకసారి తిప్పాడు. "సరే పదండి, మీ అమ్మవారి సాక్ష్యం నేనూ వింటాను. సాయంత్రానికి నా కాగితాలు మాత్రం ఆగవు."

బాలమల్లును వెంటబెట్టుకుని వాళ్లు ఫ్యాక్టరీ చేరేసరికి రెండయింది, అప్పుడే కరెంటు వచ్చింది. షెడ్డులో నాలుగు మెషీన్లు. నాలుగోదాని చుట్టూ పోలీసు తాడు. మిగతావాటి హీటర్లు ఎక్కుతున్నాయి. లోపల గట్టిపడ్డ ప్లాస్టిక్ మళ్లీ కరగాలంటే ముప్పావు గంట పడుతుందట. మేనేజర్ నరేందర్ ఎదురొచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ముఖం మీద చెమట.

"సార్, ఫోన్ చేస్తె నేనే వద్దును గద. ఆఫీసుల కూసుందాం రాండ్రి, ఏసీ ఉన్నది. ఇక్కడ ఉడికిపోతరు."

"పోచమ్మ ఏడున్నది?" అన్నాడు యాదగిరి.

నరేందర్‌కు అర్థం కాలేదు. అతను ఈ ఫ్యాక్టరీలో చేరి ఐదేళ్లు. ఏసీ గది దాటి ఆ మూలకు ఎన్నడూ పోయినట్టు లేదు. దారి చూపింది అనుపమ. నాణ్యత చూసే కెమిస్టు, జల్‌పల్లి పిల్ల, పాతికేళ్లుంటాయి. మెషీన్ల వెనక గోడకు పోచమ్మ పటం, కింద చెక్క పలక, దాని మీద వరసగా ప్లాస్టిక్ ముద్దలు, ఒక్కోదానికీ పసుపు, కుంకుమ.

"ఆదివారం ఆదివారం తీసి గ్రైండర్‌ల ఏస్తరు సార్. ఇవి ఈ వారంయి," అంది. "గిది గురువారంది. చివరది ఇయ్యాల పొద్దుగాల రెండో మెషీన్‌ది."

గురువారం ముద్ద పిడకలా కుదురుగా నిలబడి ఉంది. అంచులు పారలేదు. యాదగిరి దాన్ని రంపంతో కోయించాడు. లోపల సున్నపురాయిలా గట్టి, ఒక్క బెజ్జం లేదు. తర్వాత తాడు దాటి, కుర్మయ్య మీద పడగా మిగిలి నేల మీద గడ్డకట్టినదాన్ని చూపించాడు. అది నాజిల్ కింద ఆగనే లేదు. పలచగా పారి ఎదురు గోడ దాకా పోయింది. విరిస్తే లోపలంతా తేనెపట్టు.

"ఇంత తేడా ఎందుకమ్మా?" అన్నాడు హరిప్రసాద్. ఈసారి గొంతులో వెటకారం తగ్గింది.

"కరిగిన ప్లాస్టిక్ అంటె అంబలి లెక్క సార్," అంది అనుపమ. "మేము సుద్ద పొడి కలుపుతం. పిండి ఎక్కువైన కొద్ది సంకటి అయినట్టు, సుద్ద ఎక్కువైన కొద్ది మాల్ చిక్కగై మెల్లగ పారుతది. జంగయ్య అన్న ముద్ద గట్లనే నిలవడ్డది. ఆ పచ్చపొడి పడితె రివర్సు. గాలి పుట్టి మాల్‌ల కలుస్తది. పలచనైతది, లోపల ఒత్తిడి పెరుగుతది. కరెంటు లేనప్పుడు నాజిల్ కొన చల్లారి బిరడా లెక్క మూసుకపోతది. మళ్ల వేడెక్కి బిరడా కరిగిందంటె..."

ఆమె చేత్తో నాజిల్ నుంచి ఎదురు గోడ దాకా గీత గీసింది.

"పొద్దున్న ముద్ద మంచిదే. అంటే పొడి పడింది ఆ తర్వాత," అన్నాడు హరిప్రసాద్ మెల్లగా. "ఎంత తర్వాత?"

యాదగిరి నాలుగో మెషీన్ పక్కన ట్రేల దొంతర చూశాడు. పోసినవి పోసినట్టు ఒకదాని మీద ఒకటి పెడతారు గనుక అడుగున ఉన్నది ముందటిది, పైనున్నది కడపటిది. పైది తీసి మోకాలికేసి విరిచాడు. బన్ను రొట్టెలా లోపలంతా బెజ్జాలు. రెండోదీ అంతే. మూడోది విరగలేదు, మోకాలే నొచ్చింది.

"కరెంటు పోయే ముంగటనే పడ్డది సార్, పదింటి లోపల. అప్పటికి జంగయ్య ఇంట్ల పండుకొని గంటలైతుంది."

హరిప్రసాద్ విరిగిన ట్రే ముక్కను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"అయితే ఎవరు? కుర్మయ్యతో ఇంకెవరికి పగ?"

"ఎవ్వలకు లేదు సార్," అంది అనుపమ. "ఆ అన్నకు ముద్ద దగ్గర తప్ప లొల్లే తెల్వది."

యాదగిరి నాజిల్ ఎదురుగా పోయి నిలబడ్డాడు. అక్కడ నేల మీద కుర్మయ్య నిలబడ్డ చోటు చుట్టూ ప్లాస్టిక్ గడ్డకట్టింది, రెండు పాదాల మేర మాత్రం శుభ్రంగా ఉంది. మీట ఉన్నది మెషీన్ పక్కన. మీట నొక్కేవాడు పక్కనే నిలబడతాడు. మరి ఆపరేటర్ ఎదురుగా ఎందుకు వచ్చాడు?

"ఇక్కడ నిలవడేది ఎవరమ్మా మామూలుగ?"

అనుపమ నేల మీది ఆ రెండు పాదాల గుర్తును చూసింది.

"నేను సార్. కరెంటు వచ్చినప్పుడల్లా ఫస్టు ముద్దను రేకు మీద పట్టి చూసేది నా పని. గురువారం అమ్మను దవాఖానకు తీస్కపోయిన. రెండింటి వరకు వస్తనని మేనేజర్ సార్‌కు చెప్పిన. శంషాబాద్ కాడ బస్సులన్ని ఆపిన్రు, ఎవరో పెద్దమనిషి ఎయిర్‌పోర్టుకు పోతున్నడని. నేను లేటైతె తిట్లు పడ్తయని కుర్మయ్య అన్ననే ఆ రేకు పట్టిండు. మీట రెండో మెషీన్ ఐలయ్య అన్న నొక్కిండు."

గురువారం కూడా బందోబస్తు అతనిదే, ఆ బస్సులను ఆపింది యాదగిరే. ఎండలో చెయ్యెత్తి నిలబడి, హారన్ కొట్టిన ఒక డ్రైవర్‌ను తిట్టాడు కూడా. ఏ బస్సులో ఎవరున్నారో అతనెందుకు చూస్తాడు? చేయెత్తమన్నారు, ఎత్తాడు. ఆ చెయ్యి ఈ పిల్లను బతికించింది, కుర్మయ్యను చంపింది. ఏ లెక్కలో వేసుకోవాలో తెలియక బూటు విప్పి మడమ నిమురుకున్నాడు.

"నీ మీద ఎవలకు కోపం బిడ్డా?"

ఆమె నరేందర్ నిలబడ్డ వైపు చూసి గొంతు తగ్గించింది. "నా కాడ చిన్న మెషీన్ ఉన్నది. మాల్‌ను కరిగించి, బరువు పెట్టి, సన్నటి బెజ్జంల నుంచి ఎంత పారుతదో తూకమేస్త. కాల్చి చూస్తె లోపల సుద్ద ఎంతున్నదో బూడిదల తెలుస్తది. మూడు నెలల సంది సుద్ద పెరుగుతున్నది. సుద్ద పెరిగితె పారుడు తగ్గాలె గద? తగ్గుతలేదు. అంటె ఏంది? సుద్ద కింద ఉన్న ప్లాస్టిక్కే పలచనైతున్నది. కొత్త ప్లాస్టిక్ గింజలు అట్ల కావు సార్. ఒకసారి వాడి పారేసినదాన్ని మళ్ల కరిగిస్తెనే అట్లైతది. ఆ పలచన కనపడకుంట సుద్దతోని కప్పుతున్రు. గోదాంల సంచి ఇప్పి చూసిన. సిరంజీలు, సెలైన్ సీసాలు, తునకలు తునకలు. దవాఖాన చెత్త సార్. జనం అన్నం తినే ట్రేలల్ల."

"ఎవరికన్నా చెప్పినవా?"

"మేనేజర్ సార్‌కే చెప్పిన. వచ్చే సోమవారం మాల్‌ను బయటి ల్యాబుకు పంపుత అన్న."

అప్పుడే వెనక నుంచి నరేందర్ గొంతు వినిపించింది. "సార్, రెండో మెషీన్ కాడ జర పైలం. జంగయ్య కలిపిన మాలే ఇంక దాంట్ల ఉన్నది."

అనుపమ ముఖం చిట్లించింది. "ఏడిది సార్? నిన్ననే ఖాళీ చేసి కడిగించిన గద. పొద్దుగాల కలిపింది ఐలయ్య అన్న."

యాదగిరి పలక మీది చివరి ముద్ద వైపు చూశాడు. ఈ పొద్దుటిది, రెండో మెషీన్‌ది. అదీ పిడకలా కుదురుగానే నిలబడి ఉంది. మరి ఏమీ కాకముందే జంగయ్య పేరు ఎందుకు ఎత్తుతున్నాడు ఈ మనిషి?

"మేడం," అని కేకేశాడు ఐలయ్య, రెండో మెషీన్ మీట మీద చెయ్యి పెట్టి. "వేడెక్కింది. రేకు పట్టుండ్రి, ఇడుస్త."

అనుపమ అలవాటుగా గోడకున్న పొడుగు పిడి రేకు అందుకుని అటు నడిచింది. రోజూ చేసే పని. కాళ్లే తీసుకుపోతాయి.

ఒంటి కాలి బూటుతోనే యాదగిరి ఆమె ముందుకు పోయి, రేకు మీద చెయ్యి వేసి ఆమెను ఆపాడు. "నువ్వు ఇక్కడుండు బిడ్డా. ఐలయ్యా, నువ్వు పక్కన్నే ఉండి నొక్కు. ఎదురుంగ ఎవ్వలు రావద్దు."

ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. బాలమల్లు మెడ సాచాడు. హరిప్రసాద్ ఒకడుగు ముందుకు వేశాడు. పక్క మెషీన్ల వాళ్లు కూడా ఏందని దగ్గరికి వచ్చారు. యాదగిరి మాత్రం నాజిల్‌ను చూడలేదు. మనుషులను చూస్తున్నాడు.

ఐలయ్య మీట నొక్కాడు.

ముందు ఒక చిన్న చప్పుడు, సీసా మూత ఊడినట్టు. ఆ వెంటనే తెల్లటి ద్రవం బుస్సుమని చిమ్మి, ఎదుట ఖాళీగా ఉన్న చోటు దాటి, గోడకు కొట్టుకుని, కిందికి జారుతూ పొంగుతూ పొగలు కక్కింది. అనుపమ చేతిలోంచి రేకు జారిపడి చాలాసేపు మోగింది. అప్పుడు వెనక్కి జరిగారు జనం, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ.

హరిప్రసాద్ జరగలేదు. చొక్కా మీద పడ్డ ప్లాస్టిక్ తునకను గీరుకుంటూ స్తంభం దగ్గరికి నడిచాడు. స్తంభం చాటున నరేందర్ ఉన్నాడు.

"ఇక్కడేం చేస్తున్నారండీ?"

"వేడికి సార్... తట్టుకోలేక..."

"వేడి ఇప్పుడొచ్చిందండి. మీట నొక్కకముందే మీరు స్తంభం వెనక్కి వచ్చారు. అందరూ ముందుకొస్తుంటే మీరొక్కరే వెనక్కి నడిచారు. నేనూ చూశాను." ఆగి, యాదగిరి వైపు తిరగకుండానే అన్నాడు. "ఆయన చూసినట్టే."

నరేందర్ స్తంభానికి వీపు ఆనించి మెల్లగా కూర్చుండిపోయాడు. అబద్ధం ఆడటానికి కూడా ఓపిక లేనట్టు ఉన్నాడు.

"కుర్మయ్యను నేనేం అనుకోలె సార్," అన్నాడు. "వాడు మధ్యల వచ్చిండు."

"ఈ పిల్లను అనుకున్నవు."

"నేను వద్దన్న. సోమవారం లోపట అయిపోవాలన్నరు."

"ఎవరన్నరు?"

నరేందర్ తల ఎత్తి అనుపమను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే భయపెట్టింది. "నన్ను పట్టుకపోతె అయిపోతదా సార్? ఆ చెత్త నేను తెప్పిస్తలేను. తెప్పించెటోళ్లకు జల్‌పల్లిల ఈ పిల్ల ఇల్లు ఎర్క. పొద్దుగాలనే ఒక బండి అటు పోయింది. వాళ్లమ్మ ఒక్కతే గద ఇంట్ల ఉన్నది?"

అనుపమ ఫోన్ తీసింది. ఇంటి నంబరు మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

హరిప్రసాద్ అప్పటికే కారు వైపు పరుగెత్తుతున్నాడు. పరుగెత్తుతూనే స్టేషన్‌కు ఫోన్ చేసి, జంగయ్య కాగితాలు ఆపమనీ, సక్కుబాయిని లోపలికి పిలిచి కూర్చోబెట్టమనీ చెప్పాడు. యాదగిరి నరేందర్‌ను బాలమల్లుకు అప్పగించి, విప్పిన బూటును చంకలో పెట్టుకుని, అనుపమను రెక్క పట్టి నడిపించాడు. పోతూ పోతూ గూట్లో ఉన్న స్టీలు డబ్బా తీసుకున్నాడు. తిని, కడిగి, బోర్లించి పెట్టిన డబ్బా. మూత మీద మేకుతో గీకిన కుర్మయ్య పేరు. అది లింగమ్మకు ఈ పూట చేరదని అతనికి తెలుసు. అయినా అక్కడ వదలబుద్ధి కాలేదు.

ఇక ముందు ఈ కథలోకి పెద్ద పెద్ద పేర్లు వస్తాయి. గోదాములు ఎవరివో, బండ్లు ఎవరివో, ఎవరికి ఎవరు చుట్టమో తేలుతుంది. పత్రికల్లో నరేందర్ ఫోటో, హరిప్రసాద్ ఫోటో పడతాయి. కుర్మయ్యను మాత్రం ఒక కార్మికుడు అని రాసి ఊరుకుంటారు. చదివే మీరు అట్లా ఊరుకోవద్దని మనవి. తోటి మనిషికి తిట్లు తప్పించడానికి తనది కాని రేకును కాసేపు పట్టుకున్నవాడు, రేపటి ముద్ద నాదేనన్నవాడు, మంఖాల్ లింగమ్మ కొడుకు కుర్మయ్య. ఆ పేరు గుర్తుంచుకోండి.